చించిల్లాకి తలంటు పోయొద్దు

చి. అమ్ములుకి, చి. చిన్నోడికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మీ పక్కింటివాళ్లు చించిల్లా అనే, ఎలుక జాతికి చెందిన చిన్న బొచ్చు జంతువుని తెచ్చుకున్నారనీ, అది గిన్నెడు దుమ్ములో తెగ పొర్లుతోందనీ, దానికి మనం శుభ్రంగా తలంటు పోస్తే తప్పా అనీ అమ్ములు ఫోన్‌లో అడిగింది. తప్పే తల్లీ.

పోయినేడు సెలవులకి వచ్చినప్పుడు మన నారుమడి చూపించాను, గుర్తుందా? చించిల్లా బొచ్చు అచ్చం అలాగే ఉంటుంది. మన తలలో ఒక్కో రంధ్రం నుంచి ఒకటో రెండో వెంట్రుకలు వస్తాయి. చించిల్లాకి ఒక్కో రంధ్రం నుంచి యాభైకి పైగా వస్తాయి. నారుమడిలో మొక్కకీ మొక్కకీ మధ్య వేలు కూడా దూరదు. పైన గాలికి ఊగుతున్నా అడుగున ఎండ తగలదు, బురద ఆరదు. చించిల్లా తడిసినా అంతే. పైపైన ఎంత తుడిచినా మొదళ్లలో తేమ నిలిచిపోయి చర్మం పాడవుతుంది. దాని సొంత కొండల్లో అయితే అగ్నిపర్వతాల బూడిదలో పొర్లుతుంది. ఆ సన్నటి పొడి మొదళ్ల దాకా జారి, జిడ్డునీ చెమ్మనీ పీల్చుకుంటుంది. ఒక్కసారి ఒళ్లు విదిలిస్తే పొడి రాలిపోతుంది. మీ పక్కింటి గిన్నెలో ఉన్నదీ అలాంటి పొడే, మామూలు ఇసుక కాదు.

చిన్నప్పుడు మా అమ్మ నారు తీయడానికి పోతే నేనూ వెంట పడేవాణ్ణి. పిడికిట పట్టి ఒడుపుగా లాగితే నారు వేళ్లతో సహా కుచ్చుగా వచ్చేసేది. అమ్మ దాన్ని పాదానికేసి కొట్టి, బురద దులిపి, గడ్డితో కట్ట కట్టి వెనక్కి విసిరేది. పొద్దెక్కాక గట్టు మీద కూర్చుని ఆవకాయతో చద్దన్నం తినేవాళ్లం. పచ్చి నారు వాసన చేతుల్ని సాయంత్రం దాకా వదిలేది కాదు. చించిల్లాని గుడ్లగూబో నక్కో పట్టుకుంటే బొచ్చు కూడా అలాగే కుచ్చుగా ఊడొస్తుంది. పట్టినదాని నోట్లో బొచ్చే మిగులుతుంది, ఇది రాళ్ల సందులోకి దూరిపోతుంది. ఊడిన చోట మళ్లీ మొలవడానికి నెలలు పడుతుంది. అందుకని మీరు దాన్ని గట్టిగా పట్టుకోవద్దు.

తాతయ్య ఇంట్లో కూడా ఒకటి పెంచుదామని చిన్నోడు అంటున్నాడట. వద్దు నాన్నా. నారుమడి అడుక్కి గాలి దూరనట్టే ఆ బొచ్చులోకీ గాలి దూరదు. పైగా దానికి చెమట పట్టదు. 25 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మన పల్నాడులో మే నెల ఎండ 45 దాటుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగిందంటే ప్రాణం పోతుంది.

వీటి సొంతిల్లు దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండల్లో. పగలంతా రాళ్ల సందుల్లో నిద్ర, చీకటి పడ్డాక గుంపులుగా తిండికి. ఎండుగడ్డి, ఆకులు, కాక్టస్ తింటాయి. ఆ చలికి తట్టుకోవడానికి పెరిగిన బొచ్చే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. ఒక్క కోటు కుట్టాలంటే వందకి పైగా చర్మాలు కావాలి. లక్షల్లో చంపేశారు. 1910లో చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా కలిసి వేట ఆపుతామని ఒప్పందం చేసుకునేసరికే చాలా కొండలు ఖాళీ అయిపోయాయి. చాప్‌మన్ అనే అమెరికా గని ఇంజనీరు 1923లో 11 చించిల్లాలను ఓడలో కాలిఫోర్నియాకి తీసుకెళ్లాడు. ఒక్కసారిగా కిందికి దించితే బతకవని, కొండ మీంచి నెలల తరబడి మెల్లమెల్లగా దించి, ఓడలో ఐసు పెట్టి చల్లగా ఉంచాడు. ఆయన పెంచింది కూడా బొచ్చు వ్యాపారం కోసమే. అమెరికాలో ఇళ్లలో పెరిగే చించిల్లాల్లో చాలామటుకు ఆ పదకొండింటి సంతతే. బోనుల్లో అన్ని ఉన్నా కొండల్లో మిగిలినవి కొన్ని వేలే. మెత్తగా ఉన్నదల్లా మనకే కావాలనుకోకూడదమ్మా.

ఇంకో సంగతి. తల్లి కడుపులో 111 రోజులు ఉండి పుట్టే చించిల్లా కూన, పుట్టేటప్పటికే కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో, పళ్లతో ఉంటుంది. కాసేపటికే పరుగెడుతుంది. మన వీధిలో కుక్కపిల్లలు కళ్లు తెరవడానికే రెండు వారాలు పడుతుంది కదా! ఆ చిన్న కడుపులో అంత పని ఎలా పూర్తవుతుందో నేను చెప్పలేను, తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యపోతాను.

ఈ ఆదివారం అట్లాసులో చిలీ పేజీ తీయండి. శాంటియాగో మీద వేలు పెట్టి ఉత్తరానికి జరిపితే ఇల్లాపెల్ అనే ఊరు వస్తుంది. దాని దగ్గర కొండల్నే 1983లో చించిల్లాల కోసం రిజర్వుగా కేటాయించారు. నాన్నని అడిగి అక్కడి ఫొటోలు చూడండి. చెట్లు ఎక్కువున్నాయో రాళ్లు ఎక్కువున్నాయో, మీరే చించిల్లా అయితే ఏ సందులో దూరేవాళ్లో బొమ్మ గీసి పంపించండి.

ఇట్లు,
తాతయ్య