సెకండ్ హ్యాండ్ స్నోబ్లోయర్: ఇంజన్ చప్పుడు చెప్పని సంగతులు

నవంబరు రాగానే నా ఫోన్‌కి వచ్చే ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరిదో గ్యారేజీ, మధ్యలో తళతళా తుడిచి నిలబెట్టిన నారింజ రంగుదో ఎర్రదో ఒక స్నోబ్లోయర్ (ఇంటి ముందు పడిన మంచును లాగి పక్కకు విసిరే, చేత్తో నెట్టుకెళ్లే యంత్రం), కింద ఒకే ప్రశ్న: "అన్నా, 400 డాలర్లు చెప్తున్నాడు, తీసేసుకోమంటావా?" ఆ ఫొటో చూసి నేను కచ్చితంగా చెప్పగలిగేది దాని రంగు ఒక్కటే.

డెట్రాయిట్ శివార్లలో చిన్న ఇంజన్లు బాగుచేస్తుంటాను. ఎండాకాలం లాన్‌మోవర్లు, చలికాలం ఇవి. తెనాలి దగ్గర మా నాన్న ఆయిల్ ఇంజన్లు, పవర్ స్ప్రేయర్లు బాగుచేసేవారు, నా చేతులకు గ్రీజు అంటింది అక్కడే. ఈ మధ్య నోవై, కాంటన్, ట్రాయ్ వైపు మనవాళ్లు చాలామంది ఇళ్లు కొన్నారు. మొదటి చలికాలం పారతో నెట్టుకొస్తారు, రెండో చలికాలానికి నడుం పట్టేసి నాకు ఫోన్ చేస్తారు. వాళ్ల నోట నేను తరచూ వినే మాటలు కొన్ని, నా బల్ల మీదకు వచ్చాక తేలే నిజాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒక్క లాగుకే స్టార్టయితే బండి బాగున్నట్టే

మీరు వస్తున్నారని తెలిసి అమ్మేవాడు పావుగంట ముందే ఇంజన్ నడిపి ఉంచితే, ఏ ఇంజనైనా ఒక్క లాగుకే లేస్తుంది. అందుకే వెళ్లగానే మాట్లాడేకంటే ముందు చెయ్యి సైలెన్సర్ దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే "గంటాగి వస్తాను" అని కాఫీకి వెళ్లిపోండి. పూర్తిగా చల్లబడిన ఇంజన్ చోక్ వేసి లాగితే రెండు మూడు లాగుల్లో లేవాలి. లేచాక ఒకటి రెండు నిమిషాలకు చోక్ పూర్తిగా తీసేసినా నిలకడగా నడవాలి. చోక్ తీయగానే ఊఁ... ఊఁ... అని పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడితే కార్బురేటర్‌లో సన్నటి జెట్ పూడిందని అర్థం.

కానీ నేను అసలు చెప్పదలచుకున్నది ఇది కాదు. ఇంజన్ బాగుండటం, బండి బాగుండటం వేరువేరు.

కరీంనగర్ కుర్రాడొకడు పోయిన ఏడాది ఒక టూ స్టేజ్ బండి, అంటే ముందు రెక్కలు మంచును లాగితే వెనక ఫ్యాను విసిరే రకం, తెచ్చాడు. "ఫస్ట్ పుల్‌కే స్టార్టయింది అన్నా, ఇంకేం చూడాలె?" అన్నాడు. నిజంగానే ఇంజన్ గడియారంలా నడుస్తోంది. ఆపేసి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి, మంచును మింగే ముందు రేకు నోరు, దాన్నే బకెట్ అంటారు, దాని దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. మంచును లోపలికి లాగే మెలికల రెక్కలను ఆగర్ అంటారు. దాన్ని పట్టుకుని తిప్పితే అడ్డేమీ లేకుండా గుండ్రంగా తిరిగిపోయింది. వెనకున్న ఫ్యాను, అదే ఇంపెల్లర్, మాత్రం కదల్లేదు. గేర్‌బాక్స్ విప్పితే గ్రీజు నిండా పసుపుపచ్చటి రజను. లోపలి కంచు చక్రం పళ్లన్నీ అరిగి పొడైపోయాయి. 450 పెట్టి కొన్నాడు. దానికి గేర్‌బాక్స్ వెయ్యాలంటే ఇంకో 300 పైన.

ఎందుకిలా అయిందో వెతకక్కర్లేకపోయింది. ఆగర్‌కి రెండువైపులా ఉన్న బోల్టుల తలల మీద ఆరేసి గీతలున్నాయి.

అపోహ: మాటిమాటికీ తెగే పిన్‌ల బదులు గట్టి బోల్టు వేస్తే పీడా పోతుంది

టూ స్టేజ్ బండిలో ఆగర్ రెక్కలు లోపలి ఇరుసుకు అతికి ఉండవు. ఇరుసు మీద గొట్టంలా తొడిగి, చెరోవైపు ఒక్కో షియర్ పిన్‌తో కట్టి ఉంచుతారు. మంచు కింద గడ్డకట్టిన న్యూస్‌పేపరో, రాయో, పిల్లలు వదిలేసిన బొమ్మో తగిలితే ఆ పిన్ తెగిపోవాలి. తెగడమే దాని ఉద్యోగం. రెండు మూడు డాలర్ల పిన్ పోయి, వందల డాలర్ల గేర్‌బాక్స్ మిగులుతుంది. ఇంట్లో ఫ్యూజ్ ఎగిరిపోతోందని దాని స్థానంలో లావు రాగితీగ చుట్టినవాణ్ని ఏమంటామో, ఇక్కడ హార్డ్‌వేర్ షాపు గ్రేడ్ 8 బోల్టు బిగించినవాణ్ని కూడా అదే అనాలి. గ్రేడ్ 8 గుర్తు తల మీద ఆరు గీతలు. అవి కనిపిస్తే మీ ముందున్నవాడు ఈ బండిని ఎలా వాడాడో అడగక్కర్లేదు.

పిన్‌లు సరైనవే ఉన్నా ఇంకో చిక్కుంది. ఏళ్ల తరబడి గ్రీజు పెట్టకపోతే ఆ గొట్టం తుప్పుతో ఇరుసుకు కరుచుకుపోతుంది. అప్పుడు పిన్ తెగినా రెక్క వదలదు, దెబ్బంతా గేర్‌బాక్స్‌కే వెళ్తుంది. అమ్మేవాడు ఒప్పుకుంటే ఒక పిన్ తీసి, ఆ వైపు రెక్కను చేత్తో తిప్పి చూడండి. ఇరుసు మీద విడిగా తిరిగితే మంచిది. తిరక్కపోతే రేటు బాగా దించండి, లేదా వదిలేయండి. టోరో కంపెనీ పవర్ మ్యాక్స్ రకం టూ స్టేజ్ బండ్లలో గట్టి గేర్లు వాడి షియర్ పిన్‌లే లేకుండా చేశారు. కాబట్టి పిన్‌లు కనబడలేదని వెంటనే కంగారు పడొద్దు, ముందు మోడల్ నంబరు చూడండి.

అక్కడే మోకాళ్ల మీద ఉండగానే ఇంకో రెండు చూసెయ్యండి. బకెట్ కింద రెండు పక్కలా ఉండే స్కిడ్ షూలు, మధ్యలో నేలను గీకే బ్లేడు. ఇవి అరిగిపోవడం తప్పేం కాదు, మార్చుకోవచ్చు. కానీ అవి అరిగాక కూడా అలాగే నడిపి బకెట్ రేకు అంచు పల్చబడిందేమో వేలితో తడిమి చూడండి. అది మాత్రం మార్చుకునేది కాదు.

అపోహ: స్టార్ట్ కాని బండి జోలికి పోకూడదు

నాకైతే స్టార్ట్ కాని బండ్లంటే ఇష్టం. సగం ధరకే వస్తాయి. ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోలులో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పట్టుకుంటుంది. మార్చిలో ట్యాంకులో పెట్రోలు ఉండగానే మూలన పెట్టేసిన బండి, డిసెంబరుకు కార్బురేటర్ నిండా జిగురుతో లేస్తుంది. అసలు లేవదు కూడా. "పోయిన ఏడాది బాగానే నడిచింది" అని అమ్మేవాడు అంటే చాలాసార్లు నిజమే చెబుతున్నాడు.

తాడు మెల్లగా లాగి చూడండి. ఒక చోట గట్టిగా ఎదురు తన్ని, దాటాక వదలాలి. అంటే కంప్రెషన్ ఉంది. అసలు కదలకపోతే ఇంజన్ పట్టేసింది, దారంలా తేలిగ్గా వచ్చేస్తే లోపల ఏదో పోయి ఉండొచ్చు. ఆ ఎదురు తన్నే గుణం ఉండి, గేర్‌బాక్స్ బాగుంటే కార్బురేటర్ శుభ్రం చేయడం ఒక సాయంత్రం పని. చేతకాకపోతే చాలా మోడళ్లకు కొత్త కార్బురేటరే చవగ్గా దొరుకుతుంది.

ఆయిల్ చూడటం మరవకండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరాయి.

అపోహ: పాతికేళ్ల బండి తుక్కే

1990ల నాటి ఏరియన్స్ బండి ఇప్పటికీ మా వీధిలో నడుస్తోంది. విస్కాన్సిన్‌లోని బ్రిలియన్ అనే చిన్న ఊళ్లో చేస్తారు వాటిని, 1960 నుంచీ స్నోబ్లోయర్లు చేస్తున్న కంపెనీ. ఆ కాలం బండ్ల మీద ఎక్కువగా టెకమ్సే ఇంజన్లు ఉండేవి. ఆ ఇంజన్ల తయారీ 2008తో ఆగిపోయింది. దాంతో "పార్టులు దొరకవు" అన్న మాట పుట్టింది. మామూలుగా అరిగే పార్టులు దొరుకుతూనే ఉన్నాయి. ఇంజన్ పూర్తిగా పోతే షాఫ్ట్ సైజు చూసుకుని కొత్త 212 సీసీ ఇంజన్ ఎక్కించేవాళ్లు ఇక్కడ బోలెడుమంది. రేకు మందంగా ఉన్న పాత బండికి కొత్త ఇంజన్ ఎక్కిస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు. రేకు పోయిన బండికి మాత్రం ఏ ఇంజన్ వేసినా వృథా.

మరీ పాతవాటిలో ఒక్క విషయం చూడాలి. ఆగర్ లివర్ మీద చెయ్యి వదలగానే రెక్కలు ఐదు సెకన్లలోపు ఆగిపోవాలి. ఆ ఏర్పాటు లేనివీ, లివర్‌ను తీగతో హ్యాండిల్‌కి కట్టేసినవీ ఊరికే ఇచ్చినా వద్దు.

అపోహ: ఎంత వెడల్పు, ఎంత పవర్ ఉంటే అంత మంచిది

ఒక లెక్క చూద్దాం. 20 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న డ్రైవ్‌వే (గ్యారేజీ నుంచి రోడ్డు దాకా ఉండే దారి) మీద 6 అంగుళాల మంచు పడింది. పొడిమంచు పది అంగుళాలు కరిగితే సుమారు అంగుళం నీళ్లు వస్తాయి. ఆ లెక్కన మీరు ఎత్తి పోయాల్సిన బరువు 1400 కిలోలు. తడిమంచయితే రెట్టింపు, ఆ పైన. ఈ లెక్క చెప్పగానే అందరూ 30 అంగుళాల బండి వైపు చూస్తారు.

ఆగండి. డెట్రాయిట్ వైపు ఏడాది మొత్తం మీద పడేది సగటున 40 అంగుళాల పైచిలుకు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో దానికి రెట్టింపు. అక్కడి బావమరిది ఏది కొన్నాడో అదే ఇక్కడ మీకూ కావాలని లేదు. 6, 7 అంగుళాల లోపు మంచుకి, చదునైన కాంక్రీటు డ్రైవ్‌వేకి, వెనక ఫ్యాను లేకుండా రెక్కలే లాగి విసిరే సింగిల్ స్టేజ్ బండి హాయి. దాని రబ్బరు రెక్కలు నేలను తాకుతూ ఊడ్చినట్టు చేస్తాయి. తేలిక, గ్యారేజీలో మూలన పడుంటుంది. అదే గులకరాళ్ల దారి మీద తోలితే రాళ్లను పక్కింటి కిటికీ మీదకు విసురుతుంది. అక్కడ స్కిడ్ షూలు దించి, బకెట్ కాస్త ఎత్తుకునే టూ స్టేజే గతి.

అసలు పరీక్ష డ్రైవ్‌వే మధ్యలో లేదు, మొదట్లో ఉంది. సిటీ ప్లౌ ట్రక్కు రోడ్డు మీది మంచును తోసుకుంటూ పోతూ మన వాకిట్లో పొలం గట్టులాంటిది కట్టి పోతుంది. ఉప్పూ బురదా మంచూ కలిసి, గంటాగితే రాయిలా బిగుస్తుంది. ఆ గట్టు మీ ఇంటి ముందు మోకాలెత్తు పడుతుంటే 24 అంగుళాల టూ స్టేజ్ తీసుకోండి. అంతకన్నా వెడల్పుది కొనేముందు టేపు పట్టుకెళ్లి గ్యారేజీలో రెండు కార్ల మధ్య ఎంత చోటు మిగిలిందో కొలవండి. ఈ సలహా విననివాళ్ల కార్ల తలుపుల మీద సొట్టలు నేను చూశాను.

చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తాను. ఎలక్ట్రిక్ స్టార్ట్ ఉందంటే బ్యాటరీ ఉందని కాదు, చాలావాటిలో ఇంటి ప్లగ్గులో వైరు పెట్టి బటన్ నొక్కాలి. పాత టోరో సింగిల్ స్టేజ్‌లలో టూ స్ట్రోక్ ఇంజన్లుంటాయి. లూనాకి బంకులో 2టి ఆయిల్ కలిపించుకున్నట్టే వీటికీ కలపాలి, ఉత్త పెట్రోలు పోస్తే ఇంజన్ పట్టేస్తుంది. బ్యాటరీతో నడిచేవి సెకండ్ హ్యాండ్‌లో కొనాలంటే బేరం బండికి కాదు, బ్యాటరీలకు. కొత్త బ్యాటరీ రేటు కనుక్కున్నాకే వెళ్లండి. ఇక మొదటి మంచు పడిన మర్నాడు కొనబోతే రేటు మీ చేతిలో ఉండదు. ఏప్రిల్లో గ్యారేజీ ఖాళీ చేసుకునేవాళ్ల దగ్గర కొనండి.

అపోహ: ఇంజన్ ఆపేశాక చెయ్యి పెట్టినా ఏం కాదు

ఈ ఒక్కదాని దగ్గర నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. తడిమంచు షూట్‌లో, అంటే మంచు బయటికి ఎగిరే గొట్టంలో, ఇరుక్కుంటుంది. ఇంజన్ ఆపి, గ్లవ్ వేసుకుని చెయ్యి లోపల పెడతారు. కానీ బిగుసుకున్న మంచు వెనక ఇంపెల్లర్ మీద ఇంకా ఒత్తిడి ఆగి ఉంటుంది. మంచు వదలగానే అది ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ ఒక్క కుదుపు చాలు వేళ్లకు. బండి మీద ప్లాస్టిక్ కర్ర ఒకటి తగిలించి ఉంటుంది, దానితోనే పొడవాలి. సెకండ్ హ్యాండ్ బండ్లలో సగానికి ఆ కర్ర ఉండదు, ఎక్కడో పోయి ఉంటుంది. చీపురు కర్ర ముక్క కట్టుకోండి. అమ్మేవాడు మీ ముందే షూట్‌లో చెయ్యి పెట్టి చూపిస్తే మాత్రం, బండి ఎలా ఉన్నా సరే, నేనైతే తిరిగి వచ్చేస్తాను.

ఇంటికి తెచ్చేటప్పుడు పక్కకు పడుకోబెట్టి తేవద్దు, ఆయిల్ సిలిండర్లోకి వెళ్తుంది. టూ స్టేజ్ బండి వంద కిలోలు దాటొచ్చు. కారు డిక్కీలో పట్టిద్దామని ఎవరూ ప్రయత్నించకండి, పికప్ ఉన్న స్నేహితుణ్ని పిలవండి.

ఆ కరీంనగర్ కుర్రాడు మొన్న మార్చి చివర్లో మళ్లీ మెసేజ్ పెట్టాడు. ఈసారి ఫొటోలో బండి లేదు. తుప్పు పట్టిన బకెట్లో ఒక బోల్టు తల, బాగా దగ్గర నుంచి తీసింది. దాని మీద గీతలేం లేవు. రేటెంత చెప్తున్నాడని అడిగాను.