అర్థం కాలేదా? మేం కావాలనే అలా రాస్తాం: సిరీస్‌లపై అపోహలు - వాస్తవాలు

నేను సిరీస్‌లకు స్క్రిప్టు రాస్తానని తెలియగానే చాలామంది చెప్పే మాట ఒకటుంది. "అందరూ బాగుందంటున్నారని నేనూ మొదలుపెట్టానండీ, ఒక్క ముక్క అర్థం కాలేదు." అదేదో తమ తప్పయినట్టు గొంతు తగ్గించి మరీ చెప్తారు. అందుకే ముందు దీని సంగతి తేల్చేసి, మిగతావి చకచకా కానిచ్చేస్తాను.

అపోహ: వెంటనే అర్థం కాలేదంటే నాకు బుర్ర లేనట్టు, లేదా ఆ సిరీస్‌లో సరుకు లేనట్టు.

రెండూ కాకపోవచ్చు. మొదటి ఎపిసోడ్లలో మీకు ఏం తెలియాలో ఎంత ఆలోచిస్తామో, ఏం తెలియకూడదో అంతకంటే ఎక్కువ ఆలోచిస్తాం. ఒక చిన్న సీను చూడండి. ఒకావిడ ఇంటికొస్తుంది. ఫోన్ మోగితే పేరు చూసి బోర్లా పెట్టేస్తుంది. రెండు గ్లాసుల్లో నీళ్లు పోస్తుంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మొదటి డ్రాఫ్టులో ఆవిడకి "నువ్వు పోయి ఏడాదైంది, ఈ అలవాటు మాత్రం పోలేదు" అని ఒక డైలాగు ఉంటుంది. రెండో డ్రాఫ్టులో దాన్ని కొట్టేస్తాం. డైలాగు ఉంటే మీరు "అయ్యో పాపం" అనుకుంటారు, సీను అక్కడితో సరి. తీసేస్తే ఆ రెండో గ్లాసు ఎవరిదన్న ప్రశ్న నాలుగో ఎపిసోడ్ దాకా మీ వెంట వస్తుంది. భర్తా? కొడుకా? లోపలెవరైనా దాక్కున్నారా? ఒక ఊహ తప్పితే ఇంకోటి పెట్టుకుంటారు. సిరీస్ ఆలోచింపజేస్తుంది అంటారే, అది ఇదే. ఇందులో పెద్ద మాయేం లేదు.

ఈ భయం ప్రేక్షకులకే కాదు, చానెళ్లకీ ఉంటుంది. 2002లో హెచ్‌బీఓ అనే అమెరికన్ చానెల్‌లో మొదలైన పోలీసు సిరీస్ 'ద వైర్' మొదటి ఎపిసోడ్ చివర్లో ఒక శవం కనిపిస్తుంది. అదే ఎపిసోడ్‌లో అంతకుముందు కోర్టులో సాక్ష్యం చెప్పిన మనిషే అతను. జనం గుర్తుపట్టరేమోనని చానెల్ పట్టుబట్టి అక్కడొక ఫ్లాష్‌బ్యాక్ ముక్క పెట్టించింది. ఆ తర్వాత 2008 దాకా అయిదు సీజన్లు, 60 ఎపిసోడ్లు నడిచినా మళ్లీ ఆ అవసరం రాలేదు. జనానికి గుర్తున్నాయి మరి.

మా పిన్ని ఒకసారి భయం భయంగా ఫోన్ చేసింది. "ఒరేయ్, నాకు మతిమరుపు గానీ వస్తోందేమోరా. రెండు ఎపిసోడ్లు చూశాను, ఏమీ బుర్రకెక్కలేదు" అంది. ఏం చూశావో చెప్పు పిన్నీ అన్నాను. "ఏముందిరా, ఆ చిన్నోడు వాళ్లమ్మకి అబద్ధం చెప్పాడు, ఎందుకో తెలీదు. ఆ పోలీసాయన ఫొటో చూసి మొహం తిప్పేసుకున్నాడు. ఆయనకేదో తెలుసు, చెప్పట్లేదు." రెండో ఎపిసోడ్ అయ్యేసరికి ఆ రచయితలు ఆవిడ బుర్రలో పెట్టాలనుకున్నవి సరిగ్గా అవే! ఏళ్ల తరబడి డైలీ సీరియళ్లు చూస్తూ ఎవరెవరికి ఏమవుతారో, ఎవరి రహస్యం ఎవరికి తెలుసో పూసగుచ్చినట్టు చెప్పే మనిషి ఆవిడ. ఇలాంటి సిరీస్‌లు చదువుకున్నవాళ్లకే అనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒక్కో ఎపిసోడ్‌లో నాలుగైదు కథల్ని కలిపి నడుపుతూ, వాటిని తర్వాతి వారాలకు లాక్కెళ్లే పద్ధతికి పోలీసు కథల్లో పేరు తెచ్చిన అమెరికన్ సిరీస్ 'హిల్ స్ట్రీట్ బ్లూస్' (1981) ఆ విద్యను అరువు తెచ్చుకున్నది అక్కడి డైలీ సీరియళ్ల దగ్గరే.

ఇంతకీ అసలు నష్టం ఎక్కడంటే, కంగారుపడి రెండో ఎపిసోడ్ అవగానే 'పూర్తి వివరణ' వీడియో పెట్టుకోవడంలో. ఆ గ్లాసు ఎవరిదో అక్కడ ఎవరో చెప్పేస్తారు. ఇక మిగతా ఎపిసోడ్లలో మీరు చేయడానికి ఏమీ ఉండదు. బోరు కొడుతుంది. "దీనికా ఇంత బిల్డప్పు" అని ఆపేస్తారు. అలాంటి వీడియోలు వద్దనను, సీజన్ అయ్యాక చూడండి.

మరి చెత్తగా రాసినదాన్ని కనిపెట్టడం ఎలా? మీకు అర్థం కానిదేమిటో ఒక ప్రశ్నగా అడగగలుగుతున్నారా? "రెండో గ్లాసు ఎందుకు?" అని అడగగలిగితే రాత పనిచేస్తున్నట్టే. మూడు ఎపిసోడ్లయినా ఏం అడగాలో కూడా తోచకపోతే తప్పు మాది. నిశ్చింతగా ఆపేయండి.

అపోహ: కాలాన్ని ముందుకీ వెనక్కీ తిప్పితేనే కాంప్లెక్స్ కథ.

'ద వైర్' దాదాపు అంతా వరుసలోనే నడుస్తుంది. అక్కడ చిక్కంతా ఎవరి వైపు నుంచి చూస్తే వాళ్లదే న్యాయం అనిపించడంలో ఉంది. జర్మన్ సిరీస్ 'డార్క్' (2017-20) నిజంగానే 1953, 1986, 2019 మధ్య తిరుగుతుంది. అయినా ఒకే మనిషి చిన్నప్పటి మొహాన్నీ, పెద్దయ్యాక మొహాన్నీ పక్కపక్కన చూపించి మనకు చెయ్యందిస్తుంది. ట్విస్టు మీద ట్విస్టు పేర్చడం మాత్రం కాంప్లెక్స్ కాదు, గందరగోళం.

అపోహ: రాసేవాళ్లకు మొదటి రోజే అంతా తెలుసు.

అమెరికన్ సిరీస్ 'బ్రేకింగ్ బ్యాడ్' చివరి సీజన్ మొదట్లో హీరో ఒక మెషిన్ గన్ కొంటాడు. దాన్ని ఎవరి మీద వాడతాడో ఆ సీను రాసేనాటికి తమకే తెలియదని షో సృష్టికర్త విన్స్ గిలిగన్ తర్వాత చెప్పారు. మా పనిలో ఇది మామూలే.

అపోహ: ఇలాంటివి చూస్తే ఐక్యూ పెరుగుతుంది.

2005లో స్టీవెన్ జాన్సన్ అనే రచయిత, టీవీ కథలు ముదిరేకొద్దీ అవి మన బుర్రకు ఎక్కువ పని పెడుతున్నాయని వాదించారు. వాదన బాగుంది. కానీ వాదన వేరు, రుజువు వేరు. పిల్లల మార్కుల కోసం మాత్రం సిరీస్‌లు పెట్టకండి.

అపోహ: మొదట్లో వచ్చే 'ఇంతవరకు జరిగిన కథ' ఉత్త సారాంశం.

దాన్ని ఆ ఎపిసోడ్ అవసరాన్ని బట్టి కోస్తారు. ఎప్పుడో మొదటి సీజన్లో మాయమైన మనిషి అందులో ఒక్క క్షణం కనబడ్డాడంటే, ఇవాళ తలుపు తట్టేది అతనే కావచ్చు. పాత కథ మర్చిపోతే చూడండి. గుర్తుంటే స్కిప్ కొట్టేయండి, నేను అదే చేస్తాను.