సోడా దేనికి, పులుపు దేనికి: అమ్మమ్మ ఉత్తరం

చిన్నీ, బాబీ,

బాగున్నారా ఇద్దరూ. కొత్త రూములో వంటగట్టు అంతా జిడ్డు పట్టి ఉందని, వీడియోలో చూసి వంట సోడా చల్లి దాని మీద నిమ్మకాయ పిండి రుద్దుతున్నామని చెప్పారు కదా, ఫోన్లో ఇదంతా చెప్పడం కుదరదు, అందుకే కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఆ బుసబుసా పొంగడం చూస్తే మురికి ఊడొచ్చేస్తున్నట్టే ఉంటుంది. నిజానికి అక్కడ జరిగేది ఏంటంటే సోడా క్షారం, నిమ్మరసం ఆమ్లం, రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఒకటి తీసేసుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ గాల్లోకి పోతుంది, గట్టు మీద మిగిలేది నీళ్ళూ ఓ రకం ఉప్పూ. జిడ్డుని వదిలించాల్సిన సోడా అయిపోయింది, తెల్లమరక తియ్యాల్సిన పులుపూ అయిపోయింది. వెనిగర్ పోసినా ఇంతే. కాబట్టి రెండూ మంచివే, కానీ కలిపి వాడకండి, విడివిడిగా వాడండి. దేనికి ఏది అన్నది తెలియాలంటే ముందు ఆ మురికి ఏ రకందో చూడాలి, నేను చెప్పేదల్లా అదొక్కటే.

మా చిన్నప్పుడు ఇళ్ళల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. అన్నం గిన్నెలూ కూర గిన్నెలూ పొయ్యిలో బూడిద వేసి కొబ్బరిపీచుతో తోమేవాళ్ళు, అదే ఇత్తడి బిందెలకీ దేవుడి సామాన్లకీ అయితే చింతపండు పట్టించేవాళ్ళు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది క్షారం, నూనె జిడ్డుని పట్టి లాగుతుంది. ఇత్తడి మీద పట్టిన నలుపు జిడ్డు కాదు, లోహం గాలికి మారి కట్టిన పొర, దాన్ని కరిగించాలంటే పులుపే కావాలి. మీ వంట సోడా ఆ బూడిద పక్షం అన్నమాట, కాకపోతే చాలా నెమ్మదైన క్షారం, నీళ్ళలో కలిపితే పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 అయితే రెండూ కాదు, పైకి పోతే క్షారం) 8 దాటి కాస్త ఉంటుంది అంతే.

దీని ఇంకో గుణం, పొడి మెత్తన. ఖనిజాల గట్టితనం కొలిచే మోస్ స్కేల్ మీద సోడా 2.5 దగ్గర ఉంటుంది, గాజు 5.5 దగ్గర, అందుకే గాజు మీదా టైల్స్ మీదా రుద్దినా గీతలు పడవు, స్టీలు సింకుకి కూడా మెత్తటి గుడ్డతో రుద్దితే ఏమీ కాదు. అమెరికాలో స్వాతంత్ర్య దేవత విగ్రహాన్ని 1986లో నూరేళ్ళ పండక్కి బాగు చేసినప్పుడు లోపల రాగి రేకుల మీద పేరుకుపోయిన కోల్ తారుని ఈ సోడా పొడినే గాలి ఒత్తిడితో కొట్టించి తీశారు, ఇసకతో కొట్టిస్తే పల్చటి రాగి పాడైపోతుందని. అంత పెద్ద విగ్రహానికి పనికొచ్చింది మీ వంటగదికి రాదా.

ఇప్పుడు మీ గట్టు సంగతి. మూడు చెంచాల సోడాకి ఒక చెంచా నీళ్ళు, ముద్దలా రావాలి, జారుగా ఉంటే టైల్ మీద నిలవదు. పొయ్యి వెనకాల టైల్స్ మీద తాలింపు చిందిన చోట, నూనె ఎండి పసుపుపచ్చ జిగురులా అయిపోయి దాని మీద దుమ్ము కూర్చున్న చోట ఈ ముద్ద రాసి పావుగంట వదిలేయండి, వెంటనే రుద్దకండి, నానితేనే పట్టు వదులుతుంది. తర్వాత తడిగుడ్డతో గుండ్రంగా తిప్పుతూ తుడవండి. జిడ్డు మరీ మందంగా ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలుపుకోండి, దానికీ సోడాకీ గొడవ లేదు. చివర్లో మంచినీళ్ళతో రెండుసార్లు తుడవాలి, లేకపోతే ఆరాక తెల్లటి పొర కనిపిస్తుంది, అది మిగిలిపోయిన సోడానే.

అన్నట్టు పసుపు పడిన చోట సోడా తగిలితే ఎర్రబారుతుంది, కంగారు పడకండి. దిష్టి నీళ్ళలో పసుపుకి సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది చూడండి, అదే ఇది, క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. కడిగేస్తే చాలావరకు పోతుంది, మిగిలిన పసుపు మరకకి ఎండ మంచి మందు, కూరలు తరిగే చెక్కలాంటివైతే కడిగి ఎండలో పెట్టండి.

పాలు మాడిన స్టీలు గిన్నె ఉంటే పీచుతో గీకి చేతులు నొప్పి పెట్టుకోవద్దు. నలుపు మునిగేదాకా నీళ్ళు పోసి రెండు చెంచాల సోడా వేసి సన్నమంట మీద పది నిమిషాలు మరిగించండి. వేడికి ఈ సోడా బట్టల సోడాగా మారుతుంది, అంటే క్షారం బలం పెరుగుతుంది, మాడు అంచుల దగ్గర లేచి పొరలు పొరలుగా ఊడొస్తుంది. చల్లారాక చెక్క గరిటెతో తోస్తే చాలు. ఇది స్టీలుకి మాత్రమే, అల్యూమినియం గిన్నెలో అస్సలు చెయ్యొద్దు, నల్లగా అయిపోతుంది. పాత కుక్కర్లు చాలావరకు అల్యూమినియమే, చూసుకోండి. నాన్ స్టిక్ పెనం, టీవీ తెర, పాలిష్ పెట్టిన చెక్క, వన్ గ్రాం గోల్డ్ నగలు, వీటి జోలికి కూడా పోవద్దు.

ఫ్రిజ్‌లో పెరుగు ఒలికి పులిసిన వాసన వస్తుందన్నావు చిన్నీ. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు పెద్ద చెంచాల సోడా కలిపి అరలన్నీ తుడువు, డోరు రబ్బరు మడతల్లో కూడా, వాసన అక్కడే దాక్కుంటుంది. ఆ పుల్లటి వాసన ఆమ్లాలదే కాబట్టి సోడా దాన్ని చంపేస్తుంది. కానీ క్రిములు చస్తాయి అనుకోకండి, సోడా క్రిమిసంహారిణి కాదు, పచ్చి మాంసం కోసిన చోట సబ్బూ వేడినీళ్ళూ వాడాల్సిందే.

ఇక కుళాయిల మీద బోరు నీళ్ళ తెల్లమరకలు, షవర్ రంధ్రాలు మూసుకుపోవడం, వీటికి ఎంత సోడా రుద్దినా దండగ. అవి సున్నపు పొరలు, వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచితే కరుగుతాయి. ఇక్కడే ఒక జాగ్రత్త: మీ వంటగట్టు కడప బండ అన్నారు, బాత్రూం బయట తాండూరు బండలు ఉన్నాయన్నారు, ఆ రెండూ సున్నపురాళ్ళే. పాలరాయి కూడా అదే పదార్థం. వాటి మీద వెనిగరూ నిమ్మరసమూ టాయిలెట్ యాసిడూ పడితే రాయినే తినేస్తాయి, నునుపు పోయి మచ్చ పడుతుంది, ఆ మచ్చ మళ్ళీ పాలిష్ పట్టిస్తే గానీ పోదు. ఇల్లు మనది కాదు కాబట్టి ఇంకా జాగ్రత్త. ఆ బండల మీద జిడ్డుకి సోడా నీళ్ళు పర్వాలేదు.

బాబీ, నువ్వు ప్రయోగాలు ఎక్కువ చేస్తావు కాబట్టి నీకు గట్టిగా చెబుతున్నా. సోడా, వెనిగర్ కలిపి సీసాలో పోసి మూత బిగించకు, గ్యాస్ పెరిగి సీసా పగులుతుంది. దానికంటే ముఖ్యం, బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట వెనిగర్ గానీ టాయిలెట్ యాసిడ్ గానీ పోయొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న బాత్రూంలో తలుపు వేసుకుని ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

కొనేటప్పుడు బేకింగ్ పౌడర్ తెచ్చుకోకండి, అందులో ముందే ఆమ్లం, పిండి కలిపి ఉంటాయి. బట్టల సోడా కూడా వేరే, అది చేతులు మంట పుట్టిస్తుంది, వంటలోకి అసలు రాకూడదు. తుడవడానికి వాడే సోడా వేరే డబ్బాలో పోసి పేరు రాసి సింకు కింద పెట్టుకోండి, ఉప్పు డబ్బా పక్కన మాత్రం వద్దు.

ఉంటాను,
అమ్మమ్మ