కొత్త సర్పంచులూ, జేబులో చెయ్యి పెట్టేముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

2019 జనవరి ఎన్నికల్లో మా ఊరికి సర్పంచిగా గెలిచాను. 2024 ఫిబ్రవరి మొదట్లో మా పదవీకాలం అయిపోయింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు తెలంగాణ పల్లెల్లో ఎన్నికైన సర్పంచులు లేక ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగాయి, 12 వేలకు పైగా పంచాయతీలకు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. అప్పటి నుంచి నాకు రోజూ ఫోన్లే. "అక్కా, బోరు మోటరు కాలిపోయింది, ఇప్పుడు ఎట్ల?" "అక్కా, ఈ కాగితం మీద సంతకం పెట్టొచ్చా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది మొదటిసారి గెలిచినవాళ్లు. వాళ్ల మాటల్లో నేను ఆనాడు నమ్మినవే మళ్లీ వినిపిస్తున్నాయి. వాటిలో కొన్నింటి వల్ల నేను చాలా నష్టపోయాను, అందుకే రాస్తున్నాను.

అపోహ: ముందు మన డబ్బు పెట్టి పని చేయిద్దాం, బిల్లు తర్వాత వస్తుంది

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. మొదటి ఎండాకాలంలో మా ఊళ్లో తాగునీటి మోటరు కాలిపోయింది. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు నా గడప ముందు నిలబడ్డారు. చూస్తూ ఊరుకోలేక ఇంట్లో డబ్బు తీసి ఆ సాయంత్రమే కొత్త మోటరు వేయించాను. ఊరంతా మెచ్చుకుంది. తీర్మానం లేదు, అంచనా లేదు, పాత మోటరు ఏమైందో చూపడానికి ఒక్క ఫోటో కూడా లేదు. ఆ డబ్బులో సగం నాకు తిరిగి రాలేదు. రాకపోవడంలో తప్పు ఎవరిదీ కాదు, ఏ కాగితం చూసి ఇస్తారు?

మోటరు చిన్న విషయం. ఆ ఐదేళ్లలో వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), డంపింగ్ యార్డులు, ప్రకృతి వనాలు అంటూ గడువులు పెట్టి పనులు చేయించారు. వడ్డీకి అప్పులు తెచ్చి, పుస్తెలు తాకట్టు పెట్టి కట్టిన సర్పంచులు ఎందరో. పదవి దిగిపోయాక కూడా పెండింగ్ బిల్లుల కోసం వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన సంగతి రాష్ట్రమంతా చూసింది. ఆ బాధ దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను: పంచాయతీ పనికి సొంత డబ్బు పెట్టకండి. ఒక్కసారి పెడితే రెండోసారి ఊరే అడుగుతుంది.

ఒక పని బిల్లుగా మారాలంటే దానికో వరస ఉంది. పాలకవర్గ సమావేశంలో తీర్మానం కావాలి. ఆ తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) అంచనా వేయాలి, పనిని బట్టి సాంకేతిక మంజూరు, పాలనా అనుమతి రావాలి. పని జరిగేటప్పుడు కొలతలు ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కాలి. ఆ తర్వాతే బిల్లు. ఇందులో ఏ మెట్టు దాటేసినా ఆ పనికి డబ్బు రావడం కష్టం. "ఎంబీ తర్వాత రాసుకుందాంలే, ముందు పోసేయండి" అని ఎవరన్నా అంటే పని ఆపండి. ఆ మాట అన్నవాళ్లు బదిలీ అయిపోతారు, మీరు ఊళ్లోనే ఉంటారు.

మరి నీళ్లు ఆగిపోతే? ఆ రోజే వార్డు సభ్యులను కూర్చోబెట్టి అత్యవసర తీర్మానం రాయించండి. కాలిపోయిన మోటరు ఫోటో తీయండి, ఏఈకి ఫోన్‌లో చెప్పడమే కాకుండా కాగితం మీద కూడా పెట్టండి. ఇంతా కలిపి రెండు గంటల పని. వేసవి రాకముందే మోటరు మరమ్మతులకు, పైపులైన్ లీకేజీలకు బడ్జెట్‌లో కొంత పక్కన పెట్టుకుంటే ఆ రెండు గంటల టెన్షన్ కూడా సగం తగ్గుతుంది.

అపోహ: చెక్ పవర్ ఉందంటే డబ్బు మన చేతిలో ఉన్నట్టే

2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక మా హయాంలో సర్పంచికి, ఉపసర్పంచికి కలిపి చెక్ పవర్, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం ఇచ్చారు. ఉపసర్పంచి అవతలి వర్గం మనిషైతే నెలల తరబడి సంతకాలు ఆగిన ఊళ్లు ఉన్నాయి. అక్కడ పారిశుద్ధ్య కార్మికుల జీతాలు కూడా ఆగాయి. మీ ఉపసర్పంచితో ఎన్నికల నాటి పంతాలు ఎంత త్వరగా వదిలేస్తే ఊరికి అంత మంచిది. చొరవ మీరే తీసుకోండి.

ఇక వచ్చే డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం ఫలానా పనికే వాడాలని ముందే కట్టడి చేసిన డబ్బు. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి సంరక్షణకు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది, కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. ఆ లెక్కన లక్ష రూపాయలు వస్తే సర్పంచి నిజంగా ఆలోచించి ఖర్చు పెట్టగలిగింది 40 వేలే. కరెంటు బిల్లులు, ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, కార్మికుల జీతాలు... ఈ లెక్కలన్నీ మొదటి వారమే చూడండి. "గెలిచిన నెలలో సీసీ రోడ్డు వేస్తా" అని మాట ఇచ్చేముందు క్యాష్ బుక్, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బకాయిల కాగితాలు పంచాయతీ కార్యదర్శిని అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టుకోండి. ఆస్తుల రిజిస్టర్ కూడా చూడండి. మా ఊళ్లో పాత రికార్డుల్లో ఉన్న రెండు చేతిపంపులు నేలమీద ఎక్కడా కనబడలేదు.

ఇంకొకటి. ఆర్థిక సంఘం డబ్బు చెల్లింపులు ఇప్పుడు ఈ-గ్రామస్వరాజ్, పీఎఫ్ఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టళ్ల ద్వారా ఆన్‌లైన్‌లో, డిజిటల్ సంతకంతో జరుగుతాయి. ఆ డిజిటల్ కీ చిన్న పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. "మేడం, మీకెందుకు శ్రమ, నా దగ్గర పెట్టండి" అని ఎవరో ఒకరు అంటారు. ఇవ్వకండి. పిన్ అసలు చెప్పకండి. ఆ కీతో ఏం జరిగినా అది మీ సంతకమే.

అపోహ: ఇంటి పన్ను గట్టిగా అడిగితే మళ్లీ గెలవం

నేనూ మొదటి ఏడాది అడగలేదు. రెండో ఏడాది గ్రామసభలో ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసి ఉండే డిమాండ్ రిజిస్టర్ తెరిచి, మొట్టమొదట మా ఇంటి పన్ను, మా మరిది ఇంటి పన్ను కట్టిన రసీదులు చూపించాను. ఆ తర్వాత వార్డు సభ్యుల ఇళ్లవి చదివించాను. ఎవరినీ తిట్టలేదు, ఎవరి నల్లా కోయలేదు. వసూలైన డబ్బు దేనికి ఖర్చు పెట్టామో పంచాయతీ గోడ మీద రాయించాం: ఇన్ని వీధిలైట్లు, ఇంత బ్లీచింగ్ పౌడర్. మరుసటి ఏడు అడగకుండానే కట్టినవాళ్లు పెరిగారు. పైనుంచి వచ్చే గ్రాంటు ఆగినా ఊళ్లో లైటు వెలిగేది ఈ సొంత ఆదాయం వల్లే. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు రావు. ప్రత్యేకాధికారుల పాలనలో పల్లెలకు ఆ దెబ్బ తగిలింది. పన్ను పక్కాగా వసూలైన ఊళ్లు ఆ కాలాన్ని కొంచెమైనా తట్టుకున్నాయి.

అపోహ: గ్రామసభ అంటే గొడవ, సంతకాలు ఇంటింటికీ తిరిగి తెచ్చుకుంటే చాలు

చట్టం ప్రకారం గ్రామసభ కనీసం రెండు నెలలకోసారి జరగాలి, పాలకవర్గం నెలనెలా కూర్చోవాలి. గ్రామసభలు పెట్టని సర్పంచికి పదవికే ముప్పు. కానీ చట్టం కోసమని పెట్టే సభ గురించి నేను చెప్పడం లేదు. గ్రామసభ సర్పంచికి రక్షణ. ఏ వీధిలో ముందు మోరీ (మురికి కాలువ) కట్టాలో మీరు నిర్ణయిస్తే మిగతా వీధులన్నీ మీకు శత్రువులవుతాయి. అదే సభలో అందరి ముందు చర్చించి, ఎందుకు ఆ వీధి ముందో మినిట్స్‌లో రాయించి, చదివి వినిపిస్తే ఎవరూ మీ గడప మీదికి రారు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, మనం జీపీడీపీ అంటున్నది, అక్కడే తయారు కావాలి. మండలంలో కంప్యూటర్ ముందు కూర్చుని పక్క ఊరి ప్రణాళికను పేరు మార్చి పెట్టేస్తే, ఏడాది తర్వాత మీకు కావలసిన పని అందులో లేదని తెలుస్తుంది. ప్రణాళికలో లేని పనికి ఆర్థిక సంఘం డబ్బు ఖర్చు పెట్టలేరు.

సభ పొద్దున 11 గంటలకు పెడితే కూలి పనికి వెళ్లేవాళ్లెవరూ రారు. మేం సాయంత్రానికి మార్చాం. దళితవాడలో ఒకసారి, తండాలో ఒకసారి పెట్టాం. తండాలో పెట్టిన రోజే తెలిసింది, చివరి 12 ఇళ్లకు నల్లా నీళ్లు ఎక్కడం లేదని. అంతకుముందు నాలుగు సభల్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

అపోహ: ఎమ్మెల్యే మన పార్టీ కాకపోతే ఊరికి పైసా రాదు

సగం నిజం. ఎమ్మెల్యే నిధులతో వచ్చే రోడ్లకు, కమ్యూనిటీ హాళ్లకు ఆయన మాట కావాలి, కాదనను. కానీ సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. ఆర్థిక సంఘం గ్రాంటు మీరు ఏ కండువా కప్పుకున్నారో చూసి రాదు, జనాభా లాంటి లెక్కల మీద వస్తుంది. గెలిచిన వారంలోనే పార్టీ మారిన మా పక్క ఊరి సర్పంచికి మాకంటే ఒక్క రూపాయి ఆ గ్రాంటులో ఎక్కువ రాలేదు.

అపోహ: పింఛను, రేషన్ కార్డు, పట్టా సర్పంచే ఇప్పించాలి

ఈ నమ్మకం పాతది. పటేల్, పట్వారీల చేతిలో ఊరి భూమి కాగితాలు ఉన్న రోజుల నుంచి వచ్చింది. ఆ వ్యవస్థ 1984లోనే రద్దయింది. భూమి కాగితాలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు రెవెన్యూ శాఖవి. పింఛను, రేషన్ కార్డు మంజూరు మన చేతిలో లేవు. "నేను ఇప్పిస్తా" అనకండి, "దరఖాస్తు పెట్టించి, ఎక్కడ ఆగిందో కనుక్కుంటా" అనండి. రెండు మాటలకూ చాలా తేడా ఉంది. మన చేతిలో ఉన్నవి కొన్ని మాత్రం జనం మరచిపోతుంటారు. జననం గానీ మరణం గానీ జరిగిన 21 రోజుల్లో పంచాయతీలో నమోదు చేయిస్తే సర్టిఫికెట్‌కు ఇబ్బంది ఉండదు. పురుడు పోసుకున్న ప్రతి ఇంటికీ, చావు జరిగిన ప్రతి ఇంటికీ ఈ మాట మీరే వెళ్లి చెప్పండి.

అపోహ: ఊరి తగాదాలు ఊళ్లోనే తెగాలి, స్టేషన్‌దాకా పోతే సర్పంచికి చిన్నతనం

మోరీ నీళ్లు పక్కింటి గుమ్మంలోకి పోతున్నాయనో, పంచాయతీ బాటను ఒకరు జరుపుకున్నారనో వస్తే అది మన పనే. నోటీసు ఇవ్వొచ్చు, ఆక్రమణ తీయించొచ్చు. అన్నదమ్ముల గట్టు తగాదా అయితే రెండు మంచి మాటలు చెప్పి సర్వేయర్ దగ్గరికి పంపవచ్చు. అంతవరకే.

ఒక రాత్రి పది దాటాక పెద్దమనుషులు వచ్చి తలుపు కొట్టారు. ఒక చిన్నపిల్ల మీద జరిగిన ఘోరం. డబ్బు కట్టించి తెల్లారేసరికి మాట్లాడేద్దామన్నారు. "ఊరి పరువమ్మా" అన్నారు. నాకు కాళ్లలో వణుకు వచ్చింది. అయినా కూర్చోలేదు, పోలీసులకు ఫోన్ చేశాను. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం పోక్సో చట్టం ప్రకారం నేరమే. దానికి పంచాయితీ చేసి రాజీ కుదర్చడం ఇంకా పెద్ద పాపం. కొన్ని ఇళ్లవాళ్లు నాతో ఏడాది మాట్లాడలేదు. ఆ పిల్ల తల్లి మాత్రం ఇప్పటికీ ప్రతి పండక్కీ మా ఇంటికి వచ్చి కూర్చుని వెళ్తుంది.

బాల్యవివాహం, భార్యను కొట్టడం, అత్యాచారం, కుల దూషణ, ఇవి మీ అరుగు మీదికి రాకూడదు. 1098 పిల్లలకు, 181 మహిళలకు, 112 పోలీసులకు. ఈ మూడు నంబర్లూ పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. సర్పంచి దగ్గరికి రాలేని మనిషి కూడా వాటిని చూస్తుంది.

అపోహ: మహిళా సీటు అంటే పేరుకే, నడిపేది భర్త

రాజ్యాంగం 73వ సవరణతో మహిళలకు కనీసం మూడో వంతు సీట్లు ఇచ్చింది. మన తెలుగు రాష్ట్రాల్లో అది సగం. నేను ఆ సగంలో ఒకదాన్ని. ప్రమాణస్వీకారం రోజున కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. రెండో రోజు నుంచి ఆఫీసుకు మా ఆయన వెళ్లాడు. అధికారులు ఆయన్నే "సర్పంచ్ సాబ్" అన్నారు. ఇంటికి వచ్చిన కాగితాల మీద వంటింట్లో నిలబడి సంతకాలు పెట్టాను. ఆయన చెడ్డవాడు కాదు, నాకు కష్టం కాకూడదనే అనుకున్నాడు.

మూడో నెలలో ఆడిట్‌కు సంబంధించి ఒక వివరణ అడుగుతూ లేఖ వచ్చింది. దాని మీద ఉన్నది నా పేరు. ఏ ఖర్చు గురించి అడిగారో నాకు తెలియదు, సంతకం మాత్రం నాదే. అభ్యంతరం నిలబడితే ఆ డబ్బు నా దగ్గరే వసూలు చేసేవారు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. నన్ను బండి మీద దింపి ఆయన బయట ఉంటాడు, లోపలికి నేనొక్కదాన్నే వెళ్తాను అని అనుకున్నాం. మొదట్లో ఎంబీ అంటే ఏంటో, పాలనా అనుమతి అంటే ఏంటో తెలియదు. కార్యదర్శిని అడిగాను, అర్థం కాకపోతే మళ్లీ అడిగాను. చదవని కాగితం మీద సంతకం పెట్టనని తేల్చి చెప్పాను. చదువు రాని వార్డు సభ్యురాలు ఉంటే తీర్మానం గట్టిగా చదివి వినిపించాకే ఆమె వేలిముద్ర వేయించాం.

ఆ తర్వాతి సమావేశానికి భర్తలెవరూ లోపలికి రావద్దని ముందే కబురు పెట్టాను. వాళ్లంతా వేపచెట్టు కింద కూర్చున్నారు. ఆ రోజు మోరీల అజెండా మీద మా నలుగురు మహిళా వార్డు సభ్యులూ మాట్లాడారు. ఎవరి వీధిలో ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో, ఎన్ని ఇళ్లకు జ్వరాలు వచ్చాయో పేర్లతో సహా చెప్పారు. ఇంటికి వచ్చాక మినిట్స్ బుక్కు వెనక్కి తిప్పి చూశాను. అంతకుముందు జరిగిన మూడు సమావేశాల్లోనూ వాళ్ల సంతకాలు ఉన్నాయి, వాళ్లు అన్న మాట ఒక్కటీ లేదు.