టెర్మినల్‌లో మెయిల్: అపోహలు, వాస్తవాలు

సర్వర్లు చూసుకునే పని నాది, మెయిల్ అంతా మట్‌లోనే, అంటే టెర్మినల్‌లో, కమాండ్లు టైప్ చేసే నల్ల స్క్రీన్‌లో నడిచే మెయిల్ ప్రోగ్రామ్‌లో. ఆ నల్ల స్క్రీన్ చూసి జనం అనే మాటలు కొన్ని ఇవి.

అపోహ: ఇది ఎప్పుడో చచ్చిపోయిన సాఫ్ట్‌వేర్.
వాస్తవం: మైకేల్ ఎల్కిన్స్ 1995లో రాశాడు, పాతదే, కాదనను. కానీ ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్ చదివే పద్ధతి), టీఎల్ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది), ఓఆథ్ (పాస్‌వర్డ్ బదులు టోకెన్‌తో లాగిన్) అన్నీ ఉన్నాయి. ఆగిపోయింది పైన్ అనే ఇంకో టెర్మినల్ మెయిల్ ప్రోగ్రామ్, దాని బదులు ఆల్పైన్ వచ్చింది.

అపోహ: డిలీట్ నొక్కితే ఇక అంతే, వెనక్కి తెచ్చుకోలేం.
వాస్తవం: ఎక్కువమంది భయపడేది దీనికే, అసలు సంగతేంటంటే 'డీ' కొడితే మెయిల్ పక్కన గుర్తు పడుతుంది అంతే, డాలర్ గుర్తు నొక్కేదాకా, లేదంటే 'క్యూ' కొట్టి తీసేయమని ఒప్పుకునేదాకా మెయిల్ అక్కడే ఉంటుంది. 'యూ' కొడితే గుర్తు పోతుంది. మరి జనం ఎక్కడ ఇరుక్కుంటారంటే, డీ కొట్టగానే కర్సర్ కిందికి దిగిపోతుంది, చిన్న 'కే'తో పైకి వెళ్దామంటే డిలీట్ గుర్తున్న మెయిల్‌ని దాటేసి ఆ పైదానికి పోతుంది, ఇంకేముంది, పోయిందనుకుంటారు. పెద్ద 'కే' కొట్టండి, సరిగ్గా దాని మీదే ఆగుతుంది. (డిఫాల్ట్ కీలు మార్చుకున్నవాళ్లకి ఇది వర్తించదు, వాళ్లకి చెప్పక్కర్లేదు కూడా.)

అపోహ: మెయిల్‌ఎక్స్‌లో (ఇంకో పాత టెర్మినల్ మెయిల్ కమాండ్) చదివిన మెయిల్స్ మాయమైపోతాయి.
వాస్తవం: మాయమవ్వవు. క్యూ కొట్టి బయటికొస్తే చదివినవాటిని స్పూల్ (కొత్త మెయిల్ వచ్చి పడే ఫైల్) నుంచి తీసి మీ హోమ్ డైరెక్టరీలో ఎమ్‌బాక్స్ అనే ఫైల్లో పెడుతుంది, కమాండ్ పక్కన మైనస్ ఎఫ్ (-f) ఇచ్చి తెరిస్తే అన్నీ కనిపిస్తాయి. ఏదీ కదలకూడదంటే 'ఎక్స్' కొట్టి రండి.

అపోహ: ఎడిటర్‌లో సేవ్ చేస్తే మెయిల్ వెళ్లిపోతుంది.
వాస్తవం: వెళ్లదు. వీఐ లాంటి ఎడిటర్ నుంచి బయటికి రాగానే మట్ ఇంకో స్క్రీన్ చూపిస్తుంది, అటాచ్‌మెంట్ పెట్టాలంటే అక్కడ 'ఏ', పంపాలంటే 'వై'. నాకైతే ఈ ఆగడమే నచ్చుతుంది, రిప్లై ఎవరెవరికి పోతోందో ఇంకోసారి చూసుకోవచ్చు.

అపోహ: హెచ్‌టీఎంఎల్ మెయిల్స్ చదవలేం.
వాస్తవం: ఏ రకం ఫైల్‌ని ఏ ప్రోగ్రామ్‌తో చూపించాలో చెప్పే మెయిల్‌క్యాప్ ఫైల్లో, డబ్ల్యూ3ఎమ్ అనే టెక్స్ట్ బ్రౌజర్‌తో పేజీని ఉత్త అక్షరాలుగా మార్చే (డంప్) లైన్ ఒకటి పెట్టి, మట్ సెట్టింగ్స్‌లో ఆటో వ్యూ ఆన్ చేస్తే అక్షరాలు శుభ్రంగా వస్తాయి. బొమ్మలు రావు, అందుకని మీరు మెయిల్ తెరిచారని పంపినవాడికి చెప్పే ట్రాకింగ్ పిక్సెల్ కూడా పనిచేయదు.

అపోహ: టెక్స్ట్ కాబట్టి ఏ ప్రమాదమూ లేదు.
వాస్తవం: ఇది మట్ వాడే మావాళ్లే చెప్పుకునే అపోహ, చిరాకేస్తుంది. హానికరమైన ఐమ్యాప్ సర్వర్ మీ మెషీన్‌లో కమాండ్లు నడిపించగలిగే లోపాలు మట్‌లో బయటపడ్డాయి, 2018లో 1.10.1 వెర్షన్‌లో సరిచేశారు. ఇక ఫిషింగ్ లింక్ అంటారా, కాపీ చేసి బ్రౌజర్‌లో పేస్ట్ చేశాక మట్ ఏం ఆపుతుంది?

అపోహ: తెలుగు మెయిల్స్ రావు.
వాస్తవం: లొకేల్ (సిస్టమ్ భాషా సెట్టింగ్) యూటీఎఫ్-8లో, అంటే అన్ని లిపులనూ రాయగలిగే ఎన్‌కోడింగ్‌లో ఉంటే వస్తాయి. వత్తులు చెదిరిపోయి కనిపిస్తే మాత్రం మట్‌ని తిట్టకండి, ఒక్కో అక్షరాన్ని ఒక్కో గడిలో కూర్చోబెట్టే టెర్మినల్‌ది ఆ తప్పు, ముందు వేరే టెర్మినల్, వేరే ఫాంట్ పెట్టి చూడండి.