ఐర్లాండ్ అమ్మాయి ఆస్ట్రేలియా జట్టులో ఎందుకుంది?

2025 అక్టోబర్ 12 రాత్రి విశాఖలో మహిళల వన్డే ప్రపంచకప్ మ్యాచ్‌ను ఆస్ట్రేలియా బ్యాటర్ ఎలిస్ పెర్రీ సిక్సర్‌తో ముగించినప్పుడు, అవతలి ఎండ్‌లో 14 పరుగులతో నాటౌట్‌గా ఉన్నది కిమ్ గార్త్. భారత్ ఇచ్చిన 331 లక్ష్యాన్ని ఆస్ట్రేలియా ఒక ఓవర్ మిగిలుండగానే కొట్టేసింది. మన కడుపుమంట మనది. కానీ ఆ ప్రపంచకప్‌లో ఐర్లాండ్ జట్టే లేదు. ఏప్రిల్‌లో లాహోర్‌లో జరిగిన క్వాలిఫయర్‌లో పాకిస్తాన్, బంగ్లాదేశ్ రెండు టికెట్లూ పట్టుకుపోయాయి. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో పుట్టి పెరిగిన బౌలర్ గార్త్ మాత్రం ఆస్ట్రేలియా పసుపు జెర్సీలో ఆడింది. చిన్న దేశాలు పెంచుతాయి, పెద్ద దేశాలు తన్నుకుపోతాయి అన్న పాత గొడవ మళ్లీ మొదలవడానికి ఇది చాలు.

గార్త్ చిన్నప్పటి కథ చాలాసార్లు చెప్పిందే. అమ్మానాన్నలిద్దరూ ఐర్లాండ్‌కు ఆడినవాళ్లు, ఆమె 14 ఏళ్లకే జాతీయ జట్టులోకి వచ్చింది. దాన్ని వదిలేద్దాం. 2020 జూన్‌లో ఆస్ట్రేలియా రాష్ట్ర జట్టు విక్టోరియాతో రెండేళ్ల కాంట్రాక్టు కుదుర్చుకుందన్న వార్త దగ్గర మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. కథ అక్కడ మొదలుపెడితే ఆమె డబ్బు కోసం వెళ్లినట్టే కనిపిస్తుంది. రెండేళ్లు వెనక్కి వెళ్లి చూస్తే లెక్క మారుతుంది.

2018 జూన్ 8న డబ్లిన్‌లో న్యూజిలాండ్ 50 ఓవర్లలో 490 కొట్టింది. ఐర్లాండ్ 144కే ఆలౌట్. తొలి మ్యాచ్ ఆడుతున్న లెగ్ స్పిన్నర్ కారా ముర్రే పది ఓవర్లలో 119 పరుగులిచ్చింది. రెండో వన్డేలోనూ న్యూజిలాండ్ 400 దాటింది. జూన్ 13న మూడో మ్యాచ్‌లో 17 ఏళ్ల అమేలియా కెర్ 232 నాటౌట్. స్కూల్ పిల్లలు, ఉద్యోగం చూసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీస్ చేసేవాళ్లు ఉన్న జట్టు మీద ఆడిన ఆట అది.

ప్రపంచమంతా ఆ స్కోర్లను చూసి నవ్వుకుంది. ఆ తర్వాత జరిగింది ఎవరూ పట్టించుకోలేదు. ఐర్లాండ్ మహిళలు మళ్లీ వన్డే ఆడింది 2021 అక్టోబర్‌లో, హరారేలో. మూడేళ్లకు పైగా ఒక్క వన్డే లేదు! వన్డే ప్రపంచకప్‌కు దారి చూపే ఐసీసీ మహిళల చాంపియన్‌షిప్‌లో అప్పట్లో ఎనిమిది జట్లే. ఐర్లాండ్ అందులో లేదు, లేనివాళ్లను పిలిచి సిరీస్ ఆడేవాళ్లు అరుదు. అంతకు ముందే 2017లో ఐర్లాండ్ పురుషులకు టెస్ట్ హోదా వచ్చింది, బోర్డు డబ్బూ దృష్టీ అటు మళ్లాయి.

మిగిలింది టీ20. 2019 సెప్టెంబర్‌లో స్కాట్లాండ్‌లో ప్రపంచకప్ క్వాలిఫయర్ సెమీస్. ఐర్లాండ్ 85 పరుగులే చేసింది, బంగ్లాదేశ్ 4 వికెట్లతో గెలిచింది. థాయిలాండ్ సైతం ప్రపంచకప్‌కు వెళ్లింది, ఐర్లాండ్ ఇంట్లో కూర్చుంది. ఆ తర్వాత కోవిడ్. మళ్లీ అంతర్జాతీయ మ్యాచ్ 2021 మేలో. గార్త్ మాత్రం అప్పటికే ఆస్ట్రేలియా టీ20 లీగ్ బిగ్ బాష్‌లో ఆడి వచ్చింది. ఏడాది పొడవునా నెట్స్, కోచ్, జీతం ఉంటే ఎలా ఉంటుందో కళ్లారా చూసింది. 24 ఏళ్ల ఫాస్ట్ బౌలర్‌కు ఇంకెన్నేళ్లుంటాయి?

బోర్డు తరఫున చెప్పాల్సిందీ ఉంది. 2019లోనే పార్ట్‌టైమ్ కాంట్రాక్టులు ఇచ్చారు. చేతిలో ఉన్న డబ్బు తక్కువ, అదీ నిజమే. అయితే ఫుల్‌టైమ్ కాంట్రాక్టులు వచ్చింది 2022లో, చాంపియన్‌షిప్‌లో చోటు దొరికిందీ అప్పుడే. గార్త్ వెళ్లిపోయి రెండేళ్లయ్యాక.

ఆస్ట్రేలియా ఆమెను ఎగరేసుకుపోయింది అనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. ఐసీసీ పూర్తి సభ్య దేశానికి, అంటే టెస్ట్ హోదా ఉన్న దేశానికి ఆడినవాళ్లు మరో అలాంటి దేశానికి ఆడాలంటే మూడేళ్ల ఎడం ఉండాలి. ఆ మూడేళ్లూ ఆమె ఏ దేశానికీ ఆడలేదు, విక్టోరియా, మెల్‌బోర్న్ స్టార్స్‌లకు వికెట్లు తీస్తూ ఉండిపోయింది. 2022 డిసెంబర్‌లో నవీ ముంబైలో భారత్ మీద ఆస్ట్రేలియా తరఫున తొలి మ్యాచ్. 2023 మార్చిలో మన డబ్ల్యూపీఎల్ లీగ్‌లో గుజరాత్ జెయింట్స్‌కు ఆఖరి నిమిషంలో బదులుగా వచ్చి యూపీ వారియర్జ్ మీద 36 పరుగులకు 5 వికెట్లు. జూన్‌లో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో టెస్ట్ క్యాప్. ఐర్లాండ్ మహిళలు ఇప్పటిదాకా ఆడిన టెస్ట్ ఒక్కటే, 2000లో పాకిస్తాన్ మీద. అందులో ఇన్నింగ్స్ తేడాతో గెలిచారు కూడా. తర్వాత ఎవరూ వాళ్లకు ఇంకో టెస్ట్ ఇవ్వలేదు.

వెళ్లడం, రావడం ఐర్లాండ్‌కు కొత్త కాదు. డబ్లిన్ బ్యాటర్ ఎడ్ జాయిస్ 2007 ప్రపంచకప్ ఇంగ్లండ్‌కు ఆడి, 2011 ప్రపంచకప్ ఐర్లాండ్‌కు ఆడాడు. గార్త్ పెట్టె సర్దుకున్నప్పుడు ఐర్లాండ్ మహిళల జట్టు కోచ్ ఆయనే.