లింఫుకి స్వభావం అంటగట్టిన కథ

"మీది లింఫాటిక్ తత్వం. ఒళ్ళు బరువు, మందకొడితనం, ఊరికే జలుబు చేయడం అందుకే." కంట్లోని రంగు వలయం (ఐరిస్) చూసి శరీర తత్వం చెప్పే ఐరిడాలజీ చార్టుల్లోనూ, 'లింఫ్ డీటాక్స్' ప్యాకేజీల ప్రచారంలోనూ ఈ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. లింఫు, అంటే కణజాలాల్లో చేరిన ద్రవాన్ని సన్నని నాళాల ద్వారా తిరిగి రక్తంలోకి మోసుకెళ్ళే శోషరసం, మనిషి స్వభావాన్ని నిర్ణయిస్తుందన్న ఈ నమ్మకం ఏ ప్రయోగంలోంచీ పుట్టలేదు. లింఫు నాళాలను మనుషులు సరిగ్గా చూడకముందే స్వభావాల పట్టిక సిద్ధంగా ఉంది. నాళాలు బయటపడ్డాక వాటిని తెచ్చి ఆ పట్టికలో ఒక గడిలో కూర్చోబెట్టారు.

పట్టిక గ్రీకులది. హిప్పోక్రటీస్ సంప్రదాయం శరీరంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు రసాలు చెప్పింది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గాలెన్ ఈ సిద్ధాంతాన్ని స్థిరపరిచాక, ఒక్కో రసానికి ఒక్కో స్వభావం ముడిపడింది. కఫం చల్లనిది, తడిది. అది ఎక్కువైనవాడు నిదానస్తుడు, నిద్ర ఎక్కువ, కోపం తక్కువ. (ఆయుర్వేదంలోని కఫ ప్రకృతి లెక్క వేరు, ఇక్కడ చెప్పేది గ్రీకు లెక్క.) అంతకు ముందే క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరసిస్ట్రాటస్ పేగులను పట్టి ఉంచే పొరలో పాలరంగు నాళాలను గమనించారు. ఆ తర్వాత వాటిని పట్టించుకున్నవాళ్ళు దాదాపు లేరు.

1622 జులై 23న ఇటలీలో గాస్పరే అసెల్లీ అనే శరీర శాస్త్రవేత్త, కొద్దిసేపటి క్రితమే తిండి తిన్న కుక్కను కోసి మిత్రులకు చూపిస్తున్నాడు. పేగుల పొర మీద సన్నని తెల్ల దారాలు కనిపించాయి. మొదట నరాలనుకున్నాడు. ఒకదాన్ని పొడిస్తే పాలలాంటి ద్రవం చిమ్మింది. తిండి పెట్టని మరో కుక్కను కోస్తే ఆ దారాలు కనిపించలేదు. కారణం ఇప్పుడు మనకు తెలుసు. తిన్న కొవ్వులో ఎక్కువ భాగం నేరుగా రక్తంలోకి పోదు. సూక్ష్మమైన కొవ్వు బిందువులుగా మారి పేగు లోపలి లింఫు నాళాల్లోకి చేరుతుంది, వాటికి తెలుపు తెస్తుంది. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు ఆ ద్రవం దాదాపు నీళ్ళలా ఉంటుంది, కంటికి ఆనదు.

అసెల్లీ చూసింది నిజం, చెప్పిన దారి తప్పు. ఆ నాళాలు కాలేయానికి పోతాయని అతను రాశాడు. ఎందుకంటే ఆహారరసం నుంచి రక్తం తయారయ్యేది కాలేయంలోనే అని గాలెన్ చెప్పాడు. 1651లో ఫ్రాన్స్‌లో జాన్ పెక్కే ఆ ద్రవం వెంటబడి అది కాలేయం వైపు పోవడం లేదని తేల్చాడు. కడుపు వెనక ఒక సంచిలో చేరి, వెన్నెముక పక్కగా ఛాతీలోంచి పైకి వెళ్ళి, మెడ దగ్గర పెద్ద సిరలో కలుస్తోంది. ఆ తర్వాత స్వీడన్‌లో ఒలాఫ్ రుడ్‌బెక్, డెన్మార్క్‌లో థామస్ బార్తొలిన్, ఈ నాళాలు పేగులకే పరిమితం కావని, ఒళ్ళంతా ఉన్నాయని చూపారు. రుడ్‌బెక్ 1652లో క్రిస్టినా రాణి ముందు ప్రదర్శించాడు, బార్తొలిన్ 1653లో ముందుగా అచ్చు వేశాడు. ఎవరు ముందన్న తగవు చాలాకాలం నడిచింది. కాలేయం రాజ్యం ముగిసిందని బార్తొలిన్ దానికి చరమశ్లోకం కూడా రాశాడు. 1787లో ఇటలీలో పావ్లో మస్కాన్యీ శవాల నాళాల్లోకి పాదరసం ఎక్కించి ఒళ్ళంతా ఉన్న లింఫు నాళాలను గీయించాడు. మెదడు పొరల్లోనూ ఉన్నాయని రాశాడు. ఆ మాటను ఎవరూ లెక్కచేయలేదు.

నాలుగు రసాల సిద్ధాంతం కూలిపోవలసింది ఇక్కడే. కానీ వైద్యులు దానికి మరమ్మతు చేశారు. 19వ శతాబ్దపు మొదటి సగంలో కపాలశాస్త్రం, అంటే తల బుడిపెలు చూసి బుద్ధి చెప్పే ఫ్రెనాలజీ, బాగా చెలామణిలో ఉంది. ఎడిన్‌బరోలో దాన్ని ప్రచారం చేసిన జార్జ్ కూంబ్ వంటివారి పట్టికలో స్వభావాలు నాలుగు: లింఫాటిక్, రక్తప్రధానం, పిత్తప్రధానం, నరప్రధానం. కఫం కూర్చున్న చోటికి లింఫు వచ్చింది, లక్షణాలు మాత్రం అవే: గుండ్రటి ఒళ్ళు, మెత్తని కండ, పాలిపోయిన చర్మం, మందగించిన కదలిక. మెడలో బిళ్ళలు కట్టే పిల్లలకు ఈ తత్వమే కారణమని కూడా చెప్పేవారు. ఆ గండమాలలో చాలా వాటికి కారణం క్షయ. క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లో చూపించాడు.

ఆ వర్ణనను ఇప్పటి వైద్యులెవరైనా చదివితే ముందు రాసేది థైరాయిడ్ పరీక్ష. ఉబ్బిన ముఖం, పాలిపోయిన చర్మం, చలి తట్టుకోలేకపోవడం, మాటలో, ఆలోచనలో నిదానం ఉన్న స్త్రీలను విలియం గల్ 1873లో వర్ణించాడు. 1891లో జార్జ్ మరే గొర్రె థైరాయిడ్ సారాన్ని ఎక్కించి అలాంటి రోగిని బాగుచేశాడు. 'లింఫాటిక్' ముద్ర పడినవాళ్ళలో కొందరు ఈ రోగులే అయి ఉంటారని నా అనుమానం. ఆ ఉబ్బు తీరు కూడా వేరు: చర్మంలో పేరుకున్న జిగురు పదార్థం నీటిని పట్టి ఉంచుతుంది, వేలితో నొక్కితే గుంట పడదు.

స్వభావం పేరుగా ఉన్నంతకాలం నష్టం తక్కువే. రోగనిర్ణయంగా మారాక ప్రాణాల మీదికి వచ్చింది. 1889లో వియన్నాలో ఆర్నల్ట్ పాల్టావ్, హఠాత్తుగా చనిపోయినవారి శవాల్లో ఛాతీలోని థైమస్ గ్రంథి, లింఫు గ్రంథులు పెద్దవిగా కనిపిస్తున్నాయని, ఈ పుట్టుకతో వచ్చిన తత్వమే చావుకు కారణమని ప్రకటించాడు. దీనికి 'స్టేటస్ థైమికోలింఫాటికస్' అని పేరు. ఆపరేషన్‌కి క్లోరోఫాం మత్తు ఇచ్చినప్పుడు పోయిన పిల్లలు, ఉయ్యాలలో పోయిన పసికందులు, అందరి చావుకీ ఇదే సమాధానమైంది. మత్తు మోతాదు గురించి అడిగేవారు లేకపోయారు.

పొరపాటు కొలతలో ఉంది. శవపరీక్షకు ఎక్కువగా వచ్చేవి పేదల శవాలు, అందులోనూ వారాల తరబడి జబ్బుపడి చనిపోయినవారివి. దీర్ఘ జబ్బులో ఒత్తిడి హార్మోన్ల వల్ల థైమస్ వేగంగా కుంచించుకుపోతుంది. ఆ చిక్కిన గ్రంథినే 'మామూలు' అనుకున్నారు. ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా పోయిన బిడ్డ థైమస్ దాని పక్కన పెద్దదిగానే కనిపిస్తుంది మరి. బ్రిటన్‌లో దీన్ని పరిశీలించిన సంఘం తరఫున యంగ్, టర్న్‌బుల్ 1931లో ఇచ్చిన నివేదిక, అలాంటి తత్వానికి ఆధారం లేదని తేల్చింది. ఈలోపు 1907 నుంచి అమెరికాలో పసిపిల్లల థైమస్‌ను 'చిన్నది చేయడానికి' ఎక్స్‌రేలు పెట్టడం మొదలైంది, నివేదిక వచ్చాక కూడా ఏళ్ళ తరబడి సాగింది. థైమస్‌కి కొంచెం పైనే థైరాయిడ్ ఉంటుంది. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో పలువురికి పసితనంలో ఈ చికిత్స జరిగిందని 1950లో డఫీ, ఫిట్జెరాల్డ్ గుర్తించారు.

ఇంతకీ లింఫు చేసే పని ఏమిటి? రక్తకేశనాళికల్లోంచి ద్రవం ఏ ఒత్తిళ్ళ మధ్య బయటికి వస్తుందో 1896లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ చెప్పాడు. బయటికి వచ్చిన ద్రవంలో ఎక్కువ భాగం కేశనాళికల సిర వైపు చివర్లోకి తిరిగి పోతుందని, మిగిలిన కొద్దిపాటే లింఫు మోస్తుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. 2010లో లెవిక్, మిషెల్ ఈ లెక్కను సవరించారు: చాలా కణజాలాల్లో ఆ తిరుగుదారి నిలకడగా ఉండదు, వచ్చిన ద్రవమంతా దాదాపుగా లింఫు దారినే పోవాలి. అంటే రోజుకు సుమారు 8 లీటర్లు. లింఫుకి గుండె లేదు. కవాటాల మధ్య ఉన్న నాళపు ముక్కలే వాటంతట అవి ముడుచుకుంటూ తోస్తాయి. కండరాల కదలిక, ఊపిరి తోడవుతాయి. రెండు కాళ్ళు, కడుపు, ఎడమ సగం నుంచి వచ్చేది ఛాతీ నాళం ద్వారా ఎడమ మెడ దగ్గరికి చేరుతుంది. కుడి చెయ్యి, తల కుడి సగం, ఛాతీ కుడి భాగం నుంచి వచ్చేది కుడివైపు. అందుకే ఎడమ కాలర్ ఎముక పైన గట్టి బిళ్ళ కనిపిస్తే వైద్యులు కడుపులోని క్యాన్సర్ కోసం కూడా వెతుకుతారు.

లింఫులో తేలే తెల్లకణాలు పుట్టి కొద్ది రోజుల్లో చనిపోతాయని అనుకునేవారు. 1950ల చివర ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గవన్స్ ఎలుకల ఛాతీ నాళానికి గొట్టం పెట్టి లింఫును బయటికి తీస్తే ఆ కణాలు తగ్గిపోయాయి. తిరిగి ఎక్కిస్తే మళ్ళీ లింఫులో కనిపించాయి. అంటే అవి రక్తంలోంచి లింఫు గ్రంథుల్లోకి, అక్కడి నుంచి తిరిగి రక్తంలోకి తిరుగుతూనే ఉంటాయి. రోగనిరోధకతకు లింఫుతో ఉన్న సంబంధం అక్కడ స్థిరపడింది.

మనసుతో అసలైన సంబంధం కూడా ఈ దారినే దొరికింది. జ్వరం వచ్చినవాడు ముడుచుకుని పడుకోవడం, తినకపోవడం, మనుషుల్ని తప్పించుకోవడం ఒక వ్యవస్థీకృత స్పందన అని 1988లో బెంజమిన్ హార్ట్ వాదించాడు. తెల్లకణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-1 వంటి రసాయనాలు మెదడుకి సంకేతమిస్తాయి. కాలేయ వ్యాధి హెపటైటిస్ సి కి అలాంటి రసాయనమే అయిన ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ఇంజెక్షన్లు ఇచ్చిన రోజుల్లో చాలామంది రోగులు కుంగుబాటులోకి జారారు. మందు ఆపాక ఎక్కువమంది కోలుకున్నారు. ఇది పుట్టుకతో వచ్చిన తత్వం కాదు, వచ్చిపోయే స్థితి. 2015లో మెదడు పొరల్లో లింఫు నాళాలున్నాయని రెండు బృందాలు ఎలుకల్లో చూపడంతో మస్కాన్యీ మాట తిరిగొచ్చింది. నిద్రలో మెదడు వ్యర్థాలు కడుక్కుంటుందన్న 2013 నాటి ఫలితం మాత్రం ఇంకా తగవులోనే ఉంది. 2024లో ఎలుకల మీదే జరిగిన మరో ప్రయోగం అందుకు విరుద్ధంగా వచ్చింది. 'లింఫు శుభ్రమైతే మనసు తేలికవుతుంది' అని అమ్మేవాళ్ళు ఈ రెండో ప్రయోగాన్ని ప్రస్తావించరు.

నిజంగా లింఫు ప్రవాహం దెబ్బతింటే వచ్చేది మందకొడితనం కాదు, వాపు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేసినప్పుడు చేతికి, ఫైలేరియా పురుగులు నాళాలను పాడుచేసినప్పుడు కాలికి. చూసే పద్ధతి సులభం: కాలి రెండో వేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పైకి లాగండి. మడత రాకపోతే లింఫు వాపు అయ్యే అవకాశం ఎక్కువ. వచ్చినంత మాత్రాన కాదని చెప్పలేం. పాదాలు మామూలుగా ఉండి, రెండు కాళ్ళు చీలమండల దాకా సమానంగా లావెక్కితే అది చర్మం కింద కొవ్వు పేరుకునే లైపెడిమా కావచ్చు, దానికి చికిత్స వేరు.

1930లలో ఎమిల్ వొడర్ మొదలుపెట్టిన మర్దన ఈ వాపుకి చికిత్సలో ఒక భాగం మాత్రమే. చర్మం కింది మొదటి నాళాలు పైపైనే ఉంటాయి, వాటి అంచులు సన్నని పోగులతో చుట్టుపక్కల కణజాలానికి కట్టి ఉంటాయి. చర్మాన్ని మెల్లగా సాగదీస్తే తెరుచుకుంటాయి. గట్టిగా పిసికితే రక్తం పెరిగి ద్రవం ఇంకా ఊరుతుంది. ముందు మెడ, తర్వాత మొండెం ఖాళీ చేసి, ఆఖరున వాచిన చెయ్యి లేదా కాలి దగ్గరికి రావాలి. ఎర్రగా, వేడిగా ఉండి జ్వరం ఉన్నప్పుడు, లోతు సిరలో గడ్డ ఉన్నప్పుడు, గుండె బలహీనత అదుపులో లేనప్పుడు చేయకూడదు. మర్దన అయిన వెంటనే తక్కువ సాగే బ్యాండేజీని పొరలు పొరలుగా, వేళ్ళ దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా చుట్టి, ఆ కట్టుతోనే నడిపించాలి. ధమనుల్లో రక్తప్రసరణ సరిగా ఉందని చూసుకోకుండా కట్టకూడదు. మర్దన చేసి కట్టు లేకుండా పంపితే, దిగిన వాపు మళ్ళీ నిండుతుంది. డీటాక్స్ సెషన్ తర్వాత త్రాసు మీద కనిపించే తగ్గుదల ఒంట్లోంచి పోయిన నీళ్ళే, కొవ్వు కాదు.